తనిఖీ దుప్పట్లో దాచిన ఫిల్ము

మా నర్సుల హాస్టల్లో ప్రతి పిల్లకూ రెండు దుప్పట్లు ఉండేవి. ఒకటి పడుకోవడానికి, ఒకటి చూపించడానికి. శనివారం పొద్దున తనిఖీ వేళకు పడుకునేది మంచం కింద పెట్టెలోకి పోయేది, చూపించేది మంచం మీదికి వచ్చేది. ఆ రెండోదాని మీద నడుం వాల్చిన పాపాన ఎవరూ పోలేదు. తనిఖీకి వచ్చే డాక్టరమ్మకు ఈ సంగతి తెలియదని మేము అనుకునేవాళ్లం. తెలిసే ఊరుకుందేమో, ఇప్పుడు చెప్పలేను. ఈ విద్య నేను నర్సు పని కంటే ముందు నేర్చుకున్నాను, దానికంటే బాగా నేర్చుకున్నాను.

ఆ దవాఖాన ఇప్పుడు లేదు. మేడ్చల్ స్టేషన్లో రైలు దిగి శామీర్‌పేట దిక్కు బండిబాట పట్టుకుని కోసెడు నడిస్తే వచ్చేది. మిషన్ వాళ్లు కట్టించింది. దాన్ని నడిపే డాక్టరమ్మ సీమ నుంచి వచ్చిన తెల్లావిడ కాబట్టి అందరం దొరసానమ్మ అనేవాళ్లం. తెలుగు పుస్తకాల్లోంచి నేర్చుకుంది. "నీవు భుజించితివా?" అని ఆమె అడిగితే రోగులు బిత్తరపోయి నా మొహం చూసేవారు. నేను చేరేనాటికి నాకు పంతొమ్మిదేళ్లు. మూడేళ్లు పుండ్లు కడిగాను, రోగుల గిన్నెలు ఎత్తాను. నాలుగో ఏడు, యుద్ధం ఇంకా నడుస్తుండగానే, పట్నం నుంచి ఒక పాత ఎక్స్‌రే యంత్రం బండి మీద వచ్చింది. దానికి కరెంటు పుట్టించడానికి ఒక నూనె ఇంజను కూడా వచ్చింది. దొరసానమ్మ ఆ గది తాళంచెవి నా చేతిలో పెట్టింది.

ఆ తాళంచెవి నడుముకు దోపుకుని నేను నడిచిన నడక తలుచుకుంటే ఈ వయసులో కూడా సిగ్గుతో ఒళ్లు చచ్చిపోతుంది. అవసరం లేకపోయినా వార్డుల గుండా చుట్టు తిరిగి వెళ్లేదాన్ని. ఎముకలను బొక్కలనే మా జనం నోట ఎక్స్‌రే బొక్కల ఫోటో అయింది, నేను బొక్కల నర్సమ్మనయ్యాను. మా నాయిన గుండ్లపోచంపల్లిలో చర్చి బడి పంతులు. ఆదివారం ఆరాధన అయ్యాక బయట నిలబడి, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పేవాడు. "మా బిడ్డ మనిషి లోపల జూస్తది. పట్నంల పెద్ద పెద్దోళ్లకే రాదు గా పని." పట్నంలో చాలామందికి వచ్చని నాకు తెలుసు, అయినా ఆయన మాట నేను ఎప్పుడూ సరిదిద్దలేదు.

నాకు తోడుగా శామీర్‌పేట పిల్లను ఇచ్చారు. చెరువులో చేపలు పట్టేవాళ్ల ఇంటి పిల్ల, నాకంటే ఆరేళ్లు చిన్నది. తండ్రి పోయాడు, తల్లి వలలు అల్లి సాకింది. ఈ పిల్ల వేళ్లు కూడా చిన్నప్పటి నుంచి వల అల్లినవే. గుక్కపట్టి ఏడ్చే పసివాణ్ణి ఆమె రెండు చేతులతో అదిమి పట్టుకుంటే ఊరుకునేవాడు. నేను పట్టుకుంటే ఊరంతా వినబడేట్టు ఏడ్చేవాడు. నాకు దాని మీద కూడా కోపమే వచ్చేది.

దొరసానమ్మ మొదటిరోజే మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. ఈ వెలుగు కంటికి కనబడదు, ఒంటికి తెలియదు, అయినా కాలుస్తుంది. పిల్లలను చేతులతో పట్టుకోకూడదు, గుడ్డ పట్టీలతో బల్లకు కట్టాలి. తప్పకపోతే సీసం కలిపిన చేతి తొడుగులు వేసుకుని పట్టుకోవాలి. సీసపు ఏప్రాను మాత్రం ఒక్కటే ఉండేది, యంత్రం తెర ముందు నిలబడి చూసేటప్పుడు దొరసానమ్మ అది వేసుకునేది. తొడుగులు మొద్దుగా, బిర్రుగా ఉండేవి. వాటితో పసిపిల్ల చేయి పట్టుకోవడమంటే పటకారుతో పూసలు ఏరినట్టే. పట్టీలు కట్టాలంటే ఒక్కొక్కరికి పావుగంట. అవతల ఇంజను నూనె తాగుతూ ఉండేది, ఆ రోజుల్లో నూనె దొరకడమే గగనం. బయట అత్వెల్లి నుంచి, అల్వాల్ నుంచి కోడికూతకు బయల్దేరి వచ్చిన జనం.

"పట్టీలు గిట్టీలు ఏం వద్దు, జల్దీ పట్టుకో" అన్నదాన్ని నేనే.

ఆ రోజు మా చేతులకు ఏమీ కాలేదు. మర్నాడూ కాలేదు. కనబడని దానికి భయపడడం మాకు దేవుడి దగ్గర తప్ప ఎక్కడా అలవాటు లేదు. పట్టీలు మూలన పడ్డాయి, తొడుగుల్లో బల్లి గుడ్లు పెట్టింది. ఇద్దరం వంతులు వేసుకుని వట్టి చేతులతోనే పిల్లలను పట్టుకునేవాళ్లం.

యుద్ధం అయిపోయాక దొరసానమ్మ సెలవు మీద సీమకు పోయి, తిరిగి వస్తూ ఒక కొత్త పద్ధతి తెచ్చింది. పన్ను ఫోటోకు వాడే చిన్న ఫిల్ము, బొటనవేలంత ఉంటుంది. నల్ల కాగితంలో చుట్టి, పైన కాగితాలకు పెట్టే ఇనుప క్లిప్పు ఒకటి తగిలించింది. ఆ పొట్లం కోటు మీద రొమ్ము దగ్గర గుచ్చుకుని రెండు వారాలు పనిచేయాలి. తర్వాత ఫిల్మును మందు నీళ్లలో కడిగించి చూస్తుంది. తేటగా వస్తే భయం లేదు. నల్లబడి, మధ్యలో క్లిప్పు అచ్చు తెల్లగా కనబడితే ఆ మనిషి మీద కిరణాలు హద్దు దాటి పడ్డట్టు.

"అట్టివారిని నేను కొన్ని మాసములు ఈ గది నుండి తప్పించెదను" అంది.

మా మేలు కోసమే అంది. నాకు మాత్రం తాళంచెవి పోతుందనే వినబడింది. మా గోళ్లకు తనిఖీ, కోట్లకు తనిఖీ, పెట్టెలకు తనిఖీ. ఎక్కడ నల్లగా కనబడితే అక్కడ చీవాట్లు. ఈ ఫిల్ము కూడా అట్లాంటి తనిఖీయే అనుకున్నాను, తనిఖీకి ఏం చేయాలో నాకు బాగా తెలుసు. ఒక పూట గుచ్చుకున్నాను. మధ్యాహ్నం అన్నానికి పోయినప్పుడు తీసి, పెట్టెలో ఉన్న చూపించే దుప్పటి మడతల్లో పెట్టాను. శనివారాలు ఆ దుప్పటి పరిచే వేళ తప్ప రెండు వారాలూ అక్కడే ఉంది. శామీర్‌పేట పిల్ల అడిగితే లోపలి జేబులో ఉందన్నాను. ఆమె మాత్రం చెప్పింది చెప్పినట్టు చేసింది. పొట్లం ఊడిపోయిందేమోనని గంటకోసారి తడిమి చూసుకునేది.

ఫిల్ములు కడిగేది నేనే. చీకటి గదిలో ఎర్ర దీపం పెట్టుకుని ముందు నాది ముంచాను. మంచినీళ్లలా తేటగా వచ్చింది. తర్వాత ఆ పిల్లది ముంచాను. చూస్తుండగానే నల్లబడింది. మధ్యలో క్లిప్పు, దాని వంకరలతో సహా, తెల్లగా తేలింది. పైకెత్తి చూశాను. మళ్లీ ముంచి మళ్లీ ఎత్తాను. నాకు అప్పుడే అంతా అర్థమైంది. తెలియక చేశానని చెప్పుకునే దారి నాకు లేదు. ఇద్దరం ఒకే బల్ల దగ్గర నిలబడేవాళ్లం, ఆమె మీద పడ్డది నా మీద కూడా పడే ఉంటుంది.

పారేద్దామంటే కుదరదు, దొరసానమ్మ వాటి మీద అంకెలు వేసింది. రెండూ తీసుకుపోయి ఇచ్చాను. కిటికీ వెలుగుకు పట్టి చాలాసేపు చూసింది.

"ఇది ఎట్లు సంభవము? ఇద్దరును ఒకే గదిలో కదా?"

నన్ను అనుమానించి అడగలేదు. నిజంగా తెలియక అడిగింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునేవాళ్లు ఎట్లా ఉంటారో ఆ నిమిషం నన్ను చూస్తే తెలిసేది. ఆలోచించేలోపే నా నోట్లోంచి మాట వచ్చేసింది.

"కోటు ఇప్పి యంత్రం పక్క కొక్కేనికి తగిలేస్తది అమ్మగారూ, ఉబ్బరిస్తుందని. యంత్రం నడిచినంతసేపు గాడ్నే ఉంటది. నేను జూసిన."

వెనకటి ఎండాకాలం మేమిద్దరం కోట్లు తగిలించినవాళ్లమే. అందుకే ఆ అబద్ధం అతికింది. ఫిల్ము ఇచ్చాక మాత్రం ఆ పిల్ల ఒక్కసారి కూడా కోటు విప్పలేదు.

మర్నాడు పొద్దున ప్రార్థన అయ్యాక అందరి ముందూ దొరసానమ్మ ఆమెను నిలబెట్టి అడిగింది. ఆ పిల్ల నా వైపు చూసింది. నేను కీర్తనల పుస్తకం తెరిచి ఏదో వెతుకుతున్నట్టు పేజీలు తిప్పాను.

"యాదికి లేదు అమ్మగారూ" అంది. మళ్లీ తనే, "అక్క జూసిందంటే తగిలేసిన్నేమో" అంది.

అక్క అంటే నేనే. దొరసానమ్మ ఎప్పుడూ లేనంత గట్టిగా ఆమెను మందలించింది. ఇంత అజాగ్రత్త మనుషులతో ఈ పద్ధతి వ్యర్థమని మిగిలిన పొట్లాలు బీరువాలో పెట్టి తాళం వేసింది. చేతి తొడుగులేవని కొన్నాళ్లు అడిగి, తర్వాత ఆమె కూడా అడగడం మానేసింది. ఆ గదిలో భయమేమీ లేదని నా తేట ఫిల్మే ఆమెకు సాక్ష్యం చెప్పింది మరి.

ఇంతవరకు చేసింది పిరికితనం అనుకుందాం. ఆ తర్వాత చేసినదానికి ఏం పేరు పెట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ నల్ల ఫిల్ము తప్పుడుదని దవాఖానలో అందరూ నమ్మారు. అది నిజమని నమ్మిన మనిషిని నేనొక్కదాన్నే. నమ్మి, వారం తిరక్కుండా బల్ల దగ్గరి నుంచి తప్పుకున్నాను.

"పిల్లలు నీ చేతులల్లైతెనే ఊకుంటరు. పట్టుకునే పని నువ్వే చెయ్యి, చీకటి గది నేను జూసుకుంట" అన్నాను.

"మంచిదక్కా" అంది. మెచ్చుకున్నాననుకుని రోజంతా సంబరంగా తిరిగింది.

అట్లా రెండేళ్లు. యంత్రం నడిచే రోజుల్లో పిల్లలందరినీ ఆమే పట్టుకుంది. విరిగిన చేతులూ కాళ్లూ తెర మీద చూస్తూ సరిచేసేటప్పుడు దొరసానమ్మ అటు లాగితే ఈ పిల్ల ఇటు పట్టుకునేది. అప్పుడప్పుడు నేను చీకటి గది తలుపు సందులోంచి చూసేదాన్ని. తెర మీద రోగి బొక్క పక్కన ఆమె వేళ్ల బొక్కలు కూడా కనబడేవి. చూసి తలుపు దగ్గరగా వేసుకునేదాన్ని.

ముందు ఆమె గోళ్లకు గీతలు పడ్డాయి. తర్వాత గోళ్లు పెళుసెక్కి విరగడం మొదలుపెట్టాయి. కుడిచేతి వేళ్ల మీద చర్మం ఎండి, నున్నగా మెరిసేది. తర్వాత పగుళ్లు వచ్చాయి. ఒకరోజు గుడ్డలు ఆరేస్తూ చెయ్యి నా ముందు పెట్టింది.

"సోడా నీళ్లకు గిట్లయితాందా అక్కా?"

"ఔను, సోడాకే. ఆముదం రాసుకో" అన్నాను.

ఆ ఆముదం నేనే తెచ్చి ఇచ్చాను. రోజూ రాసుకుంటున్నావా అని అడిగేదాన్ని కూడా. చూసినవాళ్లు ఆ పిల్లను నేను చెల్లెలిలా చూసుకుంటున్నానని చెప్పుకునేవారు. నేను తేలు కుట్టిన దొంగలా ఉన్నానని ఎవరికీ తోచలేదు. చెప్పేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు. రేపు చెప్తాననుకునేదాన్ని. రేపటికి పగుళ్లు కాస్త మానినట్టు కనబడేవి, ఇంక చెప్పడమెందుకులే అనుకునేదాన్ని.

చూపుడువేలి మీద పగులు పుండయింది. పుండు మానలేదు. దొరసానమ్మ ఆ చెయ్యి తిప్పి చూసిన రోజు ఆమె మొహం పాలిపోయింది. అది కిరణాల కాలుపేనని ఆమెకూ అప్పుడు అర్థమైంది. తనే వెంట ఉండి పట్నం తీసుకుపోయింది. కుడిచేతి చూపుడువేలు, నడిమివేలు తీసేశారు. ఆ పిల్ల దవాఖానకు తిరిగి రాలేదు, శామీర్‌పేటలో తల్లి దగ్గరికి పోయింది. ఆ ఏడే దొరసానమ్మ కూడా సీమకు వెళ్లిపోయింది. వెళ్లేముందు, తొడుగుల గురించి తను ఇంకా గట్టిగా అడగవలసిందని నా దగ్గర ఏడ్చింది. నేను ఆమె పెట్టెలు సర్దుతూ విన్నాను. అప్పుడైనా నోరు విప్పలేదు.

పోలీసు చర్య అయిన మరుసటి ఏడు, మదరాసు నుంచి వచ్చిన కొత్త డాక్టరు నన్ను పిలిచి, కొత్తగా చేరిన నర్సు పిల్లలకు ఎక్స్‌రే గదిలో ఉండవలసిన జాగ్రత్తలు చెప్పమన్నాడు. నాకంటే అనుభవం ఉన్నవాళ్లు అక్కడ లేరని అన్నాడు. నల్లబల్ల ముందు నిలబడి చెప్పాను. పట్టీలు కట్టాలి, తొడుగులు వేసుకోవాలి, ఫిల్ము పెట్టుకోవాలి. అంతటితో ఆగలేదు. "ఎన్కట గీడ ఒక నర్సు కోటు కొక్కేనికి తగిలేసి, చేతి ఏళ్లు పోగొట్టుకున్నది" అని కూడా చెప్పాను. ఎంత అలవాటయిందంటే, చెప్పేటప్పుడు ఒక్క మాట దగ్గర కూడా తడుముకోలేదు.

వెనక వరసలో ఒక పిల్ల లేచింది. "అక్కా, కోటు కొక్కేనికుంటే ఫిల్ము కరాబైతది. మరి చేతికి ఎట్ల తాకింది?"

మూడేళ్లకు పైగా ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. పాఠం ఎట్లా ముగించానో నాకు జ్ఞాపకం లేదు. ఆదివారం ఆరాధనకు పోకుండా శామీర్‌పేట బాట పట్టాను.

వాళ్ల ఇల్లు చెరువు కట్టకు దగ్గర్లోనే. అరుగు మీద తల్లి వల అల్లుతోంది. ఆ పిల్ల పక్కన కూర్చుని ఎడమచేత్తో దారం చుట్టి అందిస్తోంది. నన్ను చూసి ఇద్దరూ లేచారు. తల్లి చాప పరిచింది, వద్దంటున్నా మజ్జిగ తెచ్చింది.

"ఎన్నొద్దులకు వచ్చినవు బిడ్డా! నువ్వన్న చెప్పు దీనికి. దొరసానమ్మ అంత మంచిగ చెప్తే, కోటు కొక్కేనికి తగిలేసిందంట. ఎవరన్న జేస్తరా? వల అల్లేటి ఏళ్లు మన్నుల గలుపుకున్నది." నా చేయి తన చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. "ఇద్దరు ఒక్కటే గదిల పని జేసిండ్రు. నువ్వు జాగర్తగున్నవు, నీ ఏళ్లు జూడు ఎంత సక్కగున్నయో."

ఆ పిల్ల దారం చుడుతూనే ఉంది. ఈ మాటలు వచ్చిన ప్రతి చుట్టం ముందూ విన్నదే అని ఆమె మొహమే చెప్పింది. నా చేయి వెనక్కి లాక్కుని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగులో దాచుకున్నాను. తల్లి గిన్నె కడగడానికి లోపలికి పోయింది.

అప్పుడు ఆ పిల్ల దగ్గరికి జరిగి మెల్లగా అడిగింది. "అక్కా, ఒక్క మాట అడుగుత, కోపం జెయ్యకు. నేను తగిలేసినట్టు నువ్వు జూసింది ఏ దినమో యాదికున్నదా? గా రెండు వారాలల్ల ఒక్కొక్క దినం యాది జేసుకుంట. నాకైతే దొరుకుతలేదు."

వచ్చింది చెప్పడానికే అయినా, ఆ నిమిషం వరకూ లేచి పోదామా అనే చూస్తున్నాను.

"నువ్వు తగిలెయ్యలే" అన్నాను. "గా మాట నేను పుట్టిచ్చిన. నా ఫిల్ము నేను పెట్టుకోలే, పెట్టెల దాసిపెట్టిన. గా సంగతి బయటపడతదని నీ మీద ఏసిన. నీది నల్లగైనప్పుడే నాకు ఎరుకైంది. ఎరుకయ్యే నిన్ను బల్లకాడ నిలబెట్టి నేను తప్పుకున్న."

చెప్పి తల వంచుకున్నాను. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండనుకున్నాను. మొహాన ఉమ్మినా తుడుచుకోకుండా పోదామనుకున్నాను.

"నేను తగిలెయ్యలేదా అక్కా?"

"లేదు."

"ఒక్కపారి గూడ?"

"ఒక్కపారి గూడ లేదు."

తలెత్తి చూస్తే ఆ మొహం వెలిగిపోతోంది. ఎడమచేతిలోని దారపు ఉండ జారి అరుగు కిందికి దొర్లింది, ఆమె పట్టించుకోలేదు. లేచి లోపలికి ఉరికింది.

"అమ్మా! అమ్మా, ఇన్నవా? నేను తగిలెయ్యలేదంట! నా తప్పు లేదంటనే! అక్కనే చెప్తాంది!"

లోపల గిన్నె కింద పడ్డ చప్పుడయింది. తల్లికి సంగతి ఎంత అర్థమైందో నాకు తెలియదు. గడపలో కూలబడి, ఆ మూడు వేళ్ల చేతిని ఒళ్లోకి తీసుకుంది. "ఎన్ని మాటలన్న బిడ్డా, నిన్ను ఎన్ని మాటలన్న" అని ఏడవసాగింది. ఆ పిల్ల నవ్వుతూనే ఏడుస్తూ తల్లి కళ్లు తుడిచింది. "పోనీ తియ్యమ్మా, ఇగ అనవు గదా" అంది.

నేను చాప మీద అట్లాగే కూర్చున్నాను. ఆ పూట ఆ ఇంట్లో నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. అనాలంటే నా వైపు ఎవరన్నా చూడాలి కదా.